చరరాశి యనగా నేమి?



నేను జనగామ ప్రాంతమున ముప్పదియేండ్లు పిల్లలకు తెలుగును లెక్కలును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. గడచిన వేసవిలో నా మనుమరాలు కంప్యూటరు ముందు కూర్చుండి కంటతడి పెట్టినది. ఆమె జావాస్క్రిప్టు నేర్చుకొనుచున్నది. వెబ్‌పుటలకు చలనము గలిగించు ఈ భాషను 1995లో బ్రెండన్ ఐక్ అనునాతడు నిర్మించెను. పాఠములో "బస్తాలు = బస్తాలు + 1" అని యున్నది. "తాతయ్యా! ఇది యెట్లు నిజమగును? సమానచిహ్నమునకు రెండువైపుల తూకము సరిపోవలెనని నీవే గదా చెప్పితివి! ఈ విద్య నా తలకెక్కదు" అని పుస్తకము మూసినది. లోపము బిడ్డది గాదు. నేను చెప్పిన పాఠమే అడ్డు నిలిచినది. కావున నేనును ఆమె ప్రక్కన కూర్చుండి నేర్చితిని.

పన్నెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన బీజగణితమున తెలియని రాశికి యావత్తావత్తని పేరిడెను. అట్టివి పెక్కులైనచో కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లతో వ్యవహరించెను. అవి దాగియున్న సంఖ్యలు. లెక్కచేసి వాని విలువను కనుగొందుము. కంప్యూటరులోని చరరాశి యట్టిది గాదు. అందు దాగినదేమియు లేదు. అది యొక విలువకు మనము పెట్టిన పేరు. విలువ మారినను పేరు నిలుచును. భూపాలపల్లి బొగ్గుగనులలో "ఇప్పటి షిఫ్టు" అను మాట యొక్కటియే. ఉదయమున దాని యర్థము మొదటి షిఫ్టు, రాత్రి మూడవది. చరరాశియు నట్టిదే.

ఇక సమానచిహ్నము. ఇచ్చట అది త్రాసు గాదు, ఆజ్ఞ. యంత్రము ముందుగా కుడివైపు చూచును. బస్తాలు ఏడున్నచో ఒకటి కలిపి ఎనిమిది చేయును. పిదప ఆ యెనిమిదిని "బస్తాలు" అను పేరున నిలుపును. అంతియే.

మారని పేర్లును గలవు. చిన్నయసూరి బాలవ్యాకరణమున మొదటిది సంజ్ఞాపరిచ్ఛేదము. అందు నకారమునకు ద్రుతమని పేరిడి, తరువాతి సూత్రములలో ఆ పేరుతోనే పని నడిపెను. నడుమ అర్థము మార్చలేదు. అట్టి పేరును జావాస్క్రిప్టులో "కాన్‌స్ట్" అను మాటతోడను, మారుదానిని "లెట్" అను మాటతోడను ప్రకటింతురు. 2015 నాటి ప్రమాణమున ఈ రెండును భాషలో చేరినవి. క్వింటాలునకు నూరు కిలోలు. ఇది మారదు గనుక కాన్‌స్ట్. వచ్చిన బస్తాల సంఖ్య మారును గనుక లెట్.

ఒక యపాయము చెప్పవలయును. మహబూబాబాదు మార్కెట్టునకు మిరపకాయలు తెచ్చిన రైతు, పుటపై రెండు గడులలో రెండు బస్తాల తూకము 40, 38 అని వ్రాసెననుకొందము. కూడిక చిహ్నముతో కలిపినచో 78 రావలెను గదా! తెరపై 4038 కనబడును. ఏలయన, గడిలో వ్రాసినది యంత్రమునకు అక్షరములుగా చేరును. అక్షరములను కూడుమన్నచో అది ప్రక్కప్రక్కన అతుకును. "నంబర్" అను ఆజ్ఞతో వానిని ముందుగా సంఖ్యలుగా మార్చవలయును. రైతు లెక్కలో ఇది చిన్న పొరపాటు గాదు. కావున పేరును మాత్రమే గాక, దానియందున్నది యే జాతి విలువయో కూడ ఎరుగవలయును.

తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డలకు మరియొక మాట. ఆజ్ఞాపదములు ఇంగ్లీషువే యైనను, చరరాశుల పేర్లు తెలుగు లిపిలో వ్రాయవచ్చును. జావాస్క్రిప్టు అందుల కంగీకరించును. పేరు నడుమ ఖాళీ యుండరాదు, పేరు అంకెతో మొదలు కారాదు. నా మనుమరాలు "బస్తాలు" అని తెలుగులోనే వ్రాసి చూచినది. ఏడు ఎనిమిదైనది. మూసిన పుస్తకము మరల తెరచినది.

ఉపాధ్యాయులారా! మనము నేర్పిన చిహ్నము మరియొక శాస్త్రమున వేరొక యర్థమున వచ్చునపుడు, ఆ సంగతి ముందుగా చెప్పుట మన విధి. చెప్పనిచో బిడ్డ తనకు తెలివి లేదని తలంచును.