తట్ట మోసే చేతికి తాపీ

ఇల్లు కడుతున్న చోటికి ఒకసారి వెళ్ళి చూడండి. ఇసుక జల్లించేది ఎవరు? ఆడవాళ్ళు. ఇటుకలు అందించేది ఎవరు? ఆడవాళ్ళు. మాలు కలిపి, తట్ట నింపి, నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేది ఎవరు? వాళ్ళే. గోడ దగ్గర తాపీ పట్టుకుని నిలబడ్డది మాత్రం మగమనిషి. ఆయన మేస్త్రీ.

సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు తేడా తెలుస్తుంది. చాలా ఊళ్ళలో మేస్త్రీ కూలి ఆడకూలీకి దగ్గర దగ్గర రెట్టింపు ఉంటుంది. ఒకే ఎండ. ఒకే పొద్దు. కూలి మాత్రం సగం.

ఇంకో తేడా కూడా ఉంది. అది ఆ రోజు కనిపించదు. పదిహేను, ఇరవై ఏళ్ళకు కనిపిస్తుంది. తట్ట మోసే పనికి వయసు పెరిగితే గిరాకీ తగ్గుతుంది. మెడ నొప్పి, మోకాళ్ళ నొప్పి వస్తాయి. అడ్డా మీద నిలబడితే, "ఈమె మొయ్యలేదులే" అని పక్కనున్న పడుచు పిల్లను పిలుచుకుపోతారు. మేస్త్రీకి అట్లా కాదు. తల నెరిసిన మేస్త్రీ అంటేనే ఇల్లు కట్టించేవాళ్ళకు నమ్మకం.

మరి ఆడకూలీ మేస్త్రీ ఎందుకు కావడం లేదు?

పని చేతకాక అని కొందరంటారు. అది నిజం కాదు. మేస్త్రీ వెంట పదహారేళ్ళ పిల్లవాడు వస్తాడు. మేస్త్రీకి అల్లుడో, అన్న కొడుకో అవుతాడు. మొదటి రోజు వాడికీ ఏమీ రాదు. కానీ మేస్త్రీ వాడిని, "ఒరే, దారం కొస పట్టుకో" అంటాడు. ఆడకూలీని, "అమ్మా, నీళ్ళు తేపో" అంటాడు. దారం పట్టుకున్నవాడు గోడ ఎట్లా లేస్తున్నదో దగ్గర నుంచి చూస్తాడు. నీళ్ళకు పోయిన మనిషి వచ్చేసరికి ఆ వరస అయిపోతుంది. మధ్యాహ్నం మేస్త్రీ అన్నం తినేటప్పుడు పిల్లవాడు తాపీ తీసి నాలుగు ఇటుకలు పెట్టి చూస్తాడు. వంకర వస్తే మేస్త్రీ తిట్టి, సరిచేసి చూపిస్తాడు. మూడు, నాలుగేళ్ళలో వాడు మేస్త్రీ. ఆమె ఇంకా తట్ట దగ్గరే.

కాబట్టి పనిలో పైకి రావాలంటే మొదట చూడాల్సింది ఇది: పని ఎక్కడ నేర్చుకోవచ్చో అక్కడ నిలబడాలి. కష్టపడటం ఒక్కటే చాలదు. కష్టపడటంలో ఆడకూలీని మించినవాళ్ళు ఆ సైటులోనే ఉండరు.

అసలు ఆడవాళ్ళు తాపీ పని చేస్తారా అని నవ్వేవాళ్ళు ఉన్నారు. కేరళలో 1980ల చివరలోనే, మరుగుదొడ్లు కట్టే పథకాల్లో ఆడవాళ్ళకు తాపీ పని నేర్పారు. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైంది. ఊరూరా మరుగుదొడ్లు కట్టాలి. జార్ఖండ్ రాష్ట్రంలో అన్ని ఊళ్ళకూ చాలినంతమంది మేస్త్రీలు దొరకలేదు. చాలామంది వేరే రాష్ట్రాలకు పనికి పోయారు. అప్పుడు అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. వేలమంది నేర్చుకున్నారు. వాళ్ళను రాణీ మిస్త్రీలు అని పిలిచారు. మిస్త్రీ అంటే మన మేస్త్రీయే. వాళ్ళు గుంత తవ్వించారు, గోడ లేపారు, పైకప్పు వేశారు. మన పాలమూరు నుంచి ఎన్నో ఏళ్ళుగా జనం కట్టడాల పనికి దేశమంతా వలస పోయారు. డ్యాములు, కాలువలు కట్టారు. ఆ జనంలో ఆడవాళ్ళూ చాలామంది ఉన్నారు. వాళ్ళలో తాపీ పట్టినవాళ్ళు ఎంతమంది?

ఇప్పుడు పని సంగతికి వద్దాం. మాలు కలిపే మనిషికి సగం పని ముందే తెలుసు. తనకు తెలుసన్న సంగతి ఆమెకు తెలియదు, అంతే.

ఇటుక గోడకు సాధారణంగా ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళు ఇసుక. బయటి గోడ ప్లాస్టరింగుకు ఒకటికి నాలుగు. స్లాబు కాంక్రీటుకు ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర కలపడం వాడుక. ఇంజనీరు వేరే లెక్క ఇస్తే అదే పాటించాలి. సిమెంటు బస్తా 50 కిలోలు. కొలతలో అది 35 లీటర్లు. అందుకే పెద్ద సైటులో 35 లీటర్ల పెట్టెతో ఇసుక కొలుస్తారు. చిన్న పనుల్లో తట్టతో కొలుస్తారు. ఒక తట్ట నిండుగా, ఒక తట్ట వెలితిగా పోస్తే మాలు ఒకసారి బలంగా, ఒకసారి బలహీనంగా వస్తుంది. తట్ట అంచుకు సమంగా పోయాలి. ఇదే పనిమీద ధ్యాస అంటే.

నీళ్ళ సంగతి కూడా అంతే. మాలు పలచగా ఉంటే పని తేలిక. కానీ నీళ్ళు ఎక్కువైతే గోడ బలం తగ్గుతుంది. కలిపిన మాలు అరగంటలో వాడేయాలి. గట్టిపడిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే చూడటానికి మాలులాగే ఉంటుంది, కానీ పట్టు ఉండదు. ఇటుకను తడిపి పెట్టాలి. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది. కట్టిన గోడను కనీసం ఏడు రోజులు తడపాలి. స్లాబు మీద మడులు కట్టి, రెండు వారాలు నీళ్ళు నిలపాలి. నీళ్ళు పట్టడం చిన్న పని అని ఆడవాళ్ళకు వదిలేస్తారు. నిజానికి గోడకు బలం వచ్చేది ఆ రోజుల్లోనే.

ఇక గోడ దగ్గరికి పోవాలి. మేస్త్రీ మొదట రెండు మూలలు లేపుతాడు. గుండు దారం వేలాడదీసి నిలువు చూస్తాడు. ఆ మూల నుంచి ఈ మూలకు దారం కడతాడు. నడుమ ఇటుకలు ఆ దారం వెంట పెడతారు. కష్టం మూలలోనే ఉంది. నడుమ పని తేలిక. నేర్చుకునేవాళ్ళు నడుమనే మొదలుపెట్టాలి. ఇటుక దారానికి తగలకూడదు. సన్నని సందు ఉండాలి. కింది వరసలో రెండు ఇటుకల మధ్య అతుకు ఉన్నచోట, పై వరసలో మళ్ళీ అతుకు రాకూడదు. వస్తే గోడ అక్కడే పగులుతుంది.

అడగడం ఎట్లా? నోరు తెరిచి అడగాల్సిందే. ఇట్లా అడగవచ్చు:

"అన్నా, మూలలు నువ్వు లేపినవు గదా. నడుమ నాలుగు వరసలు నేను పెడత."

"నీకెందుకక్కా ఈ పని? మాలు ఎవరు తెస్తరు?"

"మాలు తెచ్చి పెట్టినంకనే పెడత. వంకరొస్తే నేనే ఇప్పి మళ్ళ పెడత. నీకు నష్టం లేదు."

తన పని ఆగదని, తన పేరు చెడదని తెలిస్తే చాలామంది మేస్త్రీలు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళూ ఉంటారు. అప్పుడు ఇంకో మేస్త్రీ దగ్గర పని చూసుకోవడం మేలు. ఐదేళ్ళు ఒకరి దగ్గరే నమ్మకంగా తట్ట మోస్తే ఆయనే పిలిచి నేర్పుతాడని ఎదురు చూడటం దండగ.

తప్పు జరిగినా కనిపించని చోట నేర్చుకోవడం తెలివి. స్నానాల గది గోడకు తర్వాత టైల్స్ అతికిస్తారు. టైల్స్ కింద ప్లాస్టరింగు కొంచెం గరుకుగా ఉన్నా పరవాలేదు. చెయ్యి తిరగడానికి ఆ గోడ మంచిది. ముందు గది గోడ మీద మొదటి రోజే చెయ్యి పెడితే ఇంటాయన ఊరుకోడు.

అక్షరాలు, అంకెలు వచ్చినవాళ్ళకు టేపు పెద్ద ఆస్తి. అడుగుకు 12 అంగుళాలు. ఒక్కో అంగుళంలో ఇంకా చిన్న భాగాలు ఉంటాయి. టేపు రెండో అంచున సెంటీమీటర్లు ఉంటాయి. రెండూ చదవడం రావాలి, ఎందుకంటే ఇంజనీరు కాగితం మీద మీటర్లలో రాస్తాడు, మేస్త్రీ అడుగుల్లో మాట్లాడతాడు.

మూల సరిగ్గా ఉందో లేదో టేపుతోనే తెలుసుకోవచ్చు. మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగులు కొలిచి గుర్తు పెట్టండి. రెండో గోడ వెంట 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య అడ్డంగా కొలవండి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్టు. తక్కువ వచ్చినా, ఎక్కువ వచ్చినా మూల తప్పింది. పెద్ద గదికి 6, 8, 10 అడుగులు తీసుకోవచ్చు. ఇంట్లో మీ గది మూల కొలిచి చూడండి. ఎంతమంది మేస్త్రీలు మూల తప్పారో అప్పుడు తెలుస్తుంది!

పనిమీద ధ్యాస నిలవాలంటే మనసు కుదురుగా ఉండాలి. చీర కొంగుతో కట్టిన ఉయ్యాలలో పసిబిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లికి ధ్యాస నిలుస్తుంది? ఇది ఆమె తప్పు కాదు. 50 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే సైటులో పిల్లల గది ఉండాలని 1996 నాటి భవన కార్మికుల చట్టంలోనే రాశారు. చిన్న పనుల్లో ఆ గది ఉండదు. నలుగురు కూలీలు కలిసి, ఒక పెద్దామెను పిల్లల దగ్గర కూర్చోబెట్టి, తలా కొంత ఇచ్చుకోవచ్చు. ఎత్తు మీద పనిచేసేటప్పుడు మాత్రం ఫోను కింద పెట్టి ఎక్కాలి. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో తట్ట పట్టుకుని కర్రల మీద నడవడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఆడదనీ, మగవాడనీ కూలి తేడా చేయకూడదని 1976లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో ఉంది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. మేస్త్రీ పని చేసే ఆడమనిషికి మేస్త్రీ కూలే ఇవ్వాలి. "నేర్చుకుంటున్నావు గదా" అని ఏడాది పొడుగునా సగం కూలి ఇస్తే ఊరుకోవద్దు. నేర్చుకునే రోజులు ఎన్నో ముందే మాట్లాడుకోవాలి.

ఇందుకు ఒక నోటు పుస్తకం కావాలి. రోజూ తేదీ రాయండి. ఎవరి సైటు, ఏ పని చేశారు, ఎంత కూలి వచ్చింది, ఎంత బాకీ ఉంది రాయండి. ఇంకో ఉపయోగం కూడా ఉంది. భవన కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవాలంటే వయసు 18కి, 60కి మధ్య ఉండాలి. గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు కట్టడం పని చేసి ఉండాలి. పుస్తకం ఉంటే ఏ రోజు ఎక్కడ చేశారో తడుముకోకుండా చెప్పవచ్చు. బోర్డులో పేరు ఉంటే ప్రసూతికి, ప్రమాదానికి సాయం అడిగే హక్కు ఉంటుంది. కార్మిక శాఖ కార్యాలయంలో వివరాలు చెబుతారు. పద్ధతిగా శిక్షణ కావాలనుకునేవాళ్ళకు న్యాక్ అనే సంస్థ ఉంది. అది హైదరాబాదులో 1998లో మొదలైంది. తాపీ పని, రంగుల పని, కరెంటు పని నేర్పి సర్టిఫికెట్ ఇస్తుంది.

చెయ్యి తిరిగాక చిన్న పనులు గుత్తకు తీసుకోవచ్చు. అప్పుడు లెక్క రావాలి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 100 చదరపు అడుగులు. అందులో 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు ఉంటే 21 పోతుంది. మిగిలింది 79. డబ్బు 100కు ఇస్తారా, 79కి ఇస్తారా? పని అయ్యాక అడిగితే గొడవ. ముందే తేల్చుకోవాలి. తలుపు అంచుల పని ఎవరి ఖాతాలోకి వస్తుందో కూడా అప్పుడే అడగాలి.

సొంత పనిముట్లు ఒక్కొక్కటే కొనుక్కోవచ్చు. మొదట తాపీ. ఏ మేస్త్రీ తన తాపీ ఇంకొకరికి ఇవ్వడానికి ఇష్టపడడు. తర్వాత టేపు, దారం, గుండు. ఆ తర్వాత మూలమట్టం. రసమట్టం చివరకు కొన్నా పరవాలేదు. అంతవరకు సన్నని తెల్లటి గొట్టంలో నీళ్ళు నింపి, రెండు కొసలు రెండు గోడలకు ఆనించి మట్టం చూడవచ్చు. రెండు వైపులా నీళ్ళు ఎక్కడ నిలిచాయో అక్కడ పెన్సిలుతో గీత పెట్టాలి. గొట్టంలో ఎక్కడా గాలి బుడగ ఉండకూడదు. ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది.