ఖడ్గమునకు ముందు గ్రంథము

గ్రీకుల స్వాతంత్ర్య సమరమునకు పూర్వమే యొక అక్షర సమరము నడచినది. దాని సారథులలో అగ్రగణ్యుడు అదమాంతియోస్ కొరాయిస్. 1748లో స్మిర్నా నగరమున జన్మించి, ఫ్రాన్సులో వైద్యవిద్య ముగించిన ఆయన, గ్రంథ పరిష్కరణమునే జీవితవ్రతముగా గైకొనెను. తురుష్కుల యేలుబడిలోనున్న స్వజాతికై 1805 నుండి ప్రాచీన గ్రీకు గ్రంథములను వరుసగా పారిస్ నగరమున ప్రకటించెను. విద్య లేని విప్లవము ఒక నిరంకుశుని తొలగించి మరియొకని ప్రతిష్ఠించునని ఆయన భయము. 1821లో విప్లవము చెలరేగగా, అదను రాలేదని తలంచియు, ఆ యేడే అరిస్టాటిల్ రాజనీతి గ్రంథమును పరిష్కరించి, పోరాడు జాతి చేతికిచ్చెను. 1830లో గ్రీసు స్వతంత్ర రాజ్యముగా గుర్తింపబడినది. ఆ స్వతంత్ర భూమిపై అడుగిడకయే ఆయన 1833లో పారిస్‌నందు కన్నుమూసెను. ఆయన పుస్తకములు మాత్రము పూర్వికుల దీవియైన కియోస్‌ను చేరినవి.