వినికి నుండి వ్రాతకు: ఖురాను గ్రంథావతరణము, బోధలు

చెన్నపురి తిరువల్లిక్కేణిలో పార్థసారథిస్వామి ఆలయమునకు అనతిదూరమున వాలాజా మసీదు కలదు. ఆర్కాటు నవాబు వంశమువారు దీనిని 1795లో నిర్మించిరి. ఆ మసీదు లోపలి శిలపై చెక్కబడిన పారసీక కాలసూచక పద్యమును రచించినవాడు రాజా మఖన్‌లాల్ అను హిందువు. దైవస్మరణము మిక్కిలి గొప్పదను అర్థమునిచ్చు పదములలోని అక్షరముల విలువలను కూడినచో హిజ్రీ 1209వ సంవత్సరము వచ్చును. కటపయాది సంఖ్యల నెరిగిన తెలుగువారికి ఈ నేర్పు క్రొత్తది కాదు. అయితే ఆ మాటలు ఖురాను 29వ అధ్యాయమునందలివి. అనగా ఆ కవి తన ఇరుగుపొరుగువారి భాషను మాత్రమేకాక వారి గ్రంథమును గూడ ఎరిగియుండెను. నేడు ఆ వీథులలో తిరుగు తెలుగువారిలో పలువురకు మసీదు తెలియును, బాంగు తెలియును. గ్రంథము పుట్టుక మాత్రము అంతగా తెలియదు. దానిని సంగ్రహముగ వివరించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఖురాను అను అరబ్బీ పదమునకు పఠనము, పారాయణము అని అర్థము. పేరును బట్టియే అది కంటితో చదువుటకంటె ముందు చెవితో వినబడినదని గ్రహింపవచ్చును. మహమ్మదు ప్రవక్త సుమారు 570లో మక్కా నగరమున జన్మించెను. ఆయనకు నలువది ఏండ్ల ప్రాయమున, అనగా 610 ప్రాంతమున, రంజాను మాసములో హిరా గుహయందు ధ్యానమగ్నుడై యుండగా జిబ్రయీలు అను దేవదూత మూలమున తొలి వాక్యములు వినవచ్చెనని ముస్లిముల విశ్వాసము. ఆ వాక్యములలో మొదటి పదమే చదువుమను ఆజ్ఞ. అటుపిమ్మట 632లో ప్రవక్త పరమపదించువరకు, ఇరువది మూడేండ్లపాటు, ఆయా సందర్భముల ననుసరించి వాక్యములు అవతరించుచు వచ్చెను. 622లో ప్రవక్త మక్కాను విడిచి మదీనాకు వలసపోయెను. ఈ వలసనుండియే హిజ్రీ శకము లెక్కింపబడుచున్నది. వలసకు పూర్వపు అధ్యాయములు మక్కీ యనియు, తరువాతివి మదనీ యనియు వ్యవహరింపబడును. మక్కీ అధ్యాయములు చాలవరకు చిన్నవి, లయబద్ధములు, దైవభక్తిని, పరలోక విచారమును ప్రబోధించునవి. మదనీ అధ్యాయములందు కుటుంబము, దాయభాగము, వ్యాపారము, యుద్ధము, సంధి మొదలగు లోకవ్యవహారములు విస్తరించి చెప్పబడినవి.

ప్రవక్త జీవించియున్న కాలమున ఈ వాక్యములు ముఖ్యముగ అనుచరుల కంఠములయందు నిలిచియుండెను. కొందరు లేఖకులు తోలు ముక్కలపైనను, ఖర్జూరపు మట్టలపైనను, పలుచని రాళ్లపైనను, పశువుల భుజాస్థులపైనను వ్రాసియుంచిరి. అంతయు ఒక్కచోట కూర్చబడిన ప్రతి యుండలేదు. ప్రవక్త గతించిన పిమ్మట కొలదికాలమునకే యమామా యుద్ధము జరిగెను. అందు ఖురానును కంఠస్థము చేసిన పలువురు మరణించిరి. మోయువారు మరణించినచో మోయబడినది యేమగునను భయము అప్పుడు పుట్టినది. ఉమరు ప్రోత్సాహమున తొలి ఖలీఫా అబూబక్రు ఈ పనిని ప్రవక్తకు లేఖకుడైన జైదు బిన్ సాబితునకు అప్పగించెను. ప్రవక్త చేయని పనిని మనము చేయవచ్చునా యని అబూబక్రు, జైదు ఇరువురును మొదట సంకోచించిరని సంప్రదాయము చెప్పుచున్నది. తుదకు జైదు వ్రాతలను, జ్ఞాపకములను సరిపోల్చి ఒక సంపుటమును కూర్చెను. అది అబూబక్రు తరువాత ఉమరునకును, ఆయన అనంతరము ఆయన పుత్రికయు, ప్రవక్త పత్నియునగు హఫ్సాకును సంక్రమించెను.

రాజ్యము విస్తరించిన కొలది దూరదేశములందు పఠనభేదములు, వానిపై కలహములు బయలుదేరెను. మూడవ ఖలీఫా ఉస్మాను సుమారు 650లో హఫ్సాయొద్దనున్న సంపుటము నాధారముగా ప్రతులు వ్రాయించి ముఖ్యనగరములకు పంపి, తక్కిన ప్రతులను దహింపజేసెను. నాటి లిపియందు చుక్కలు, అచ్చుగుర్తులు నేటివలె పూర్ణముగ లేవు. కావున వ్రాత యున్నను గురుముఖమున విననిదే ఉచ్చారణ తెలియదు. ఆ కారణమున కొన్ని పఠన సంప్రదాయములు నిలిచెను. పదవ శతాబ్దిలో ఇబ్ను ముజాహిదు వానిలో ఏడింటిని ప్రమాణములుగా గైకొనెను. 1924లో కైరోలో వెలువడిన ముద్రణము నేడు లోకమున విశేషముగ వ్యాపించిన పాఠమునకు మాతృక. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయమునందున్న రెండు తోలుపత్రములను శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఆ తోలు 568–645 సంవత్సరముల నడిమిదై యుండునని 2015లో ప్రకటించిరి. గ్రంథలేఖనము మిక్కిలి ప్రాచీనమనుటకు ఇది బలమైన ఆధారము.

వేదమును శ్రుతి యనుట తెలుగువారెరిగినదే. పదము, క్రమము, జట, ఘన మను పాఠములచే వేదము స్వరముతోసహా వేలయేండ్లు ముఖతః రక్షింపబడినది. ఖురాను పఠనమునకును తజ్వీదు అను ఉచ్చారణశాస్త్రము కలదు. గ్రంథమంతయు కంఠస్థము చేసినవానిని హాఫిజు అందురు. అయితే వేదము చిరకాలము వ్రాతకెక్కక నిలువగా, ఖురాను తొలితరమునందే వ్రాతకెక్కినది. ఈ భేదము గమనింపదగినది.

గ్రంథమున 114 అధ్యాయములు, ప్రసిద్ధమైన ఒక గణన ప్రకారము 6236 వాక్యములు కలవు. కాలక్రమమున గాక, ఏడు వాక్యముల ప్రార్థనాధ్యాయము ముందుంచి, తక్కినవి చాలవరకు పెద్దవానినుండి చిన్నవానికి అమర్చబడినవి. బోధలలో ప్రధానమైనది ఏకేశ్వరత్వము. ఇబ్రహీము, మూసా, ఈసా మున్నగు పూర్వప్రవక్తలందరును అదే సత్యమును బోధించిరని గ్రంథము చెప్పును. మరణానంతరము ప్రతివాడును తన కర్మమునకు ఉత్తరవాదియగును. అనాథల సొమ్ము హరించుట, వడ్డీ తీసికొనుట, తూనికలలో మోసగించుట నిషిద్ధములు. కలవారు తమ ధనమునుండి పేదలకు భాగమీయవలెను. ఏడవ శతాబ్దిలోనే స్త్రీకి ఆస్తియందు నియతభాగము చెప్పబడెను. పుత్రికకు పుత్రుని భాగమున సగము. మతవిషయమున నిర్బంధము కూడదని రెండవ అధ్యాయమున కలదు. ప్రతి ప్రవక్తయు తన జనుల భాషలోనే బోధించెనని 14వ అధ్యాయమునను, మానవుల భాషావైవిధ్యము భగవంతుని నిదర్శనములలో ఒకటియని 30వ అధ్యాయమునను చెప్పబడినది.

ఇట్లు చెప్పిన గ్రంథము ఇతర భాషలలోనికి రావచ్చునా యను ప్రశ్న పూర్వమునుండియు కలదు. అరబ్బీ మూలమే ఖురాను, అనువాదము దాని భావము మాత్రమేయని పండితుల మతము. నిజాము కొలువున హైదరాబాదులో పనిచేసిన మార్మడ్యూకు పిక్తాలు 1930లో తన ఆంగ్లానువాదమును ప్రకటించినప్పుడు దానికి ఖురాను అని కాక ఖురాను భావము అనియే పేరిడెను. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఖురానును తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు ముస్లిము కాడు. 1937లో ఆంధ్రభాషాచరిత్రమును వెలువరించిన భాషాశాస్త్రజ్ఞుడు. తరువాత ముస్లిము పండితులును తెలుగు అనువాదములు వెలయించిరి. మూలము నుచ్చరింపలేని పాఠకునకు భావమైనను అందవలెనను తలంపు వీరందరికిని సమానము.

ఈ చరిత్రమునందు చెన్నపురి తెలుగువారు ప్రత్యేకించి గ్రహింపదగిన విషయ మొకటి కలదు. యమామా తరువాత ఆ సమాజము కంఠమును విడువలేదు, వ్రాతను నిర్లక్ష్యము చేయలేదు. రెండింటిని ఒకదానికొకటి సాక్షిగా నిలిపినది. తమిళనాట తమిళబోధనను అనివార్యము చేసిన 2006 నాటి చట్టము తరువాత అల్పసంఖ్యాక భాషల చదువు ఎట్లు నిలుచునను చర్చ సాగుచునే యున్నది. ఇంట తెలుగు మాటాడుచు తెలుగు చదువనేరని పిల్లలు పెక్కురు. మాట నెరిగిన పెద్దలు ఉన్నపుడే అక్షరము నేర్పవలెను. వారు గతించిన పిదప అక్షరమున్నను దానికి ఉచ్చారణ చెప్పువారుండరు. పొరుగువారి గ్రంథచరిత్రము తెలిసికొనుటవలన వారియెడ గౌరవము పెరుగుటయేకాక, మన సొత్తును కాపాడుకొను మార్గమును తెలియగలదు.