మోచేయి కనబడితే చాలు

వెయిట్ లిఫ్టింగ్‌లో తీర్పు కండబలం మీదనే ఆధారపడదు. బరువును తలపైకి లేపినప్పుడు మోచేతులు వంకర లేకుండా నిటారుగా నిలవాలి. ముగ్గురు రెఫరీలలో ఇద్దరు కాదంటే ఆ ప్రయత్నం చెల్లదు.

కుల్సూమ్ అబ్దుల్లాకు అడ్డుపడింది ఈ మోచేయే. పాకిస్తానీ దంపతులకు అమెరికాలో జన్మించిన ఈ సోదరి కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ పొందారు. బరువులెత్తడం ఆమెకు వృత్తి కాదు, ఇష్టపడి చేపట్టిన సాధన. 2010లో అమెరికన్ ఓపెన్ పోటీకి అర్హత సాధించారు. కానీ చేతులు, కాళ్లు, శిరస్సు కప్పుకొని వస్తే నిబంధనలు ఒప్పుకోవన్నారు. నెలల తరబడి చెమటోడ్చినవారికి ఓటమి కంటే వేదికే ఎక్కనివ్వకపోవడం దుర్భరం.

ఆమె అలిగి ఊరుకోలేదు. శరీరాన్ని కప్పుతూనే కీళ్ల కదలిక కనబడే దుస్తులు సాధ్యమేనని వివరిస్తూ నివేదిక సిద్ధం చేశారు. 2011 జూన్‌లో అంతర్జాతీయ సమాఖ్య అంగీకరించింది: పోటీ దుస్తుల లోపల ఒంటికి అతుక్కునే నిండు వస్త్రం ధరించవచ్చు. (ఇంత సులువైన పరిష్కారం అంతకుముందే ఎందుకు తట్టలేదో!) మరుసటి నెలలోనే అయోవాలో జరిగిన జాతీయ పోటీలో హిజాబ్‌తో వేదికనెక్కారు. నవంబరులో పారిస్ ప్రపంచ పోటీలలో పాకిస్తాన్ తరఫున నిలిచారు. పతకం రాలేదు.

ఐదేళ్ల తరువాత రియో ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ఈజిప్టు యువతి సారా అహ్మద్ హిజాబ్‌తోనే మొత్తం 255 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. అప్పటికి ఆమె వయస్సు 18.