మీకు తెలుసా? వక్క ఎప్పుడు వక్క కాకుండా పోతుంది?

టమాటా పండా, కూరగాయా? ఈ తగువు ఒకప్పుడు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1886 వసంతంలో నిక్స్ అనే వ్యాపార కుటుంబం వెస్టిండీస్ నుంచి న్యూయార్క్ రేవుకు టమాటాలు తెప్పించింది. అప్పటికి అమలులో ఉన్న 1883 సుంకాల చట్టం ప్రకారం కూరగాయలకు 10 శాతం పన్ను, పండ్లకు పన్ను లేదు. రేవులో సుంకాలు వసూలు చేసే ఎడ్వర్డ్ హెడెన్ టమాటాలను కూరగాయల పద్దులో వేసి డబ్బు కట్టించుకున్నాడు. అది పండు కాబట్టి మా డబ్బు మాకు తిరిగివ్వాలని నిక్స్ వాళ్లు 1887లో దావా వేశారు.

విచారణ జరిగిన తీరు చదివితే నవ్వొస్తుంది. నిక్స్ తరఫు లాయరు నిఘంటువులు తెరిచి పండు, కూరగాయ, టమాటా అనే మాటలకు అర్థాలు చదివాడు. అవతలి లాయరు ఊరుకుంటాడా? బఠాణీ, వంకాయ, దోసకాయ, మిరపకాయ అర్థాలు అందుకున్నాడు. దానికి జవాబుగా నిక్స్ లాయరు బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్, చిక్కుడు చదివాడు. ముప్ఫై ఏళ్లుగా పండ్లు, కూరగాయలు అమ్ముతున్న ఇద్దరిని బోనెక్కించి, వ్యాపారంలో ఈ మాటలకు వేరే అర్థం ఏమైనా ఉందా అని అడిగారు. అలాంటిదేమీ లేదన్నారు వాళ్లు.

1893 మే 10న తీర్పు వచ్చింది. వృక్షశాస్త్రం లెక్కలో టమాటా పండేనని జస్టిస్ హొరేస్ గ్రే ఒప్పుకున్నారు. కానీ ఆ లెక్కన దోసకాయా పండే, చిక్కుడూ పండే. జనం టమాటాను పెరట్లో పెంచుకుని, భోజనంలో సూపుతోనో చేపతోనో మాంసంతోనో తింటారు. అన్నీ అయ్యాక తీపి వడ్డించే వేళ దాన్ని తెచ్చి పెట్టరు. కాబట్టి కూరగాయే, పన్ను కట్టాల్సిందే. తెలుగు దేశంలోనైతే ఈ కేసు ఒక్క గిన్నెడు టమాటా పప్పు సాక్ష్యంతో తేలిపోయేదేమో.

అయినా పండుకీ కూరగాయకీ పన్ను ఒకటే అయి ఉంటే ఆ నిఘంటువులు తెరిచే అవసరమే వచ్చేది కాదు. రేవుల్లో పుట్టే ఇలాంటి తగాదాలన్నిటికీ మూలం రెండు పద్దుల మధ్య డబ్బు తేడాయే.

*

జనం ఏమంటారో అదే అర్థం అన్న ఈ సూత్రం మన దేశానికీ వచ్చింది. రేవు సంగతి కాదు గానీ, అమ్మకం పన్నులో మన తమలపాకు ఇలాగే కోర్టుకెక్కింది. ఆకు కూడా కూరగాయల్లోకే వస్తుంది, కూరగాయలకు పన్ను లేదు, కాబట్టి మాకూ వద్దని అకోలా వ్యాపారి ఒకరు వాదించారు. తమలపాకును ఎవరూ కూరగాయ అనరని 1961లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆకుకూరల గంపలో తమలపాకులు వెతికేవాళ్లు నాకూ ఎప్పుడూ తగల్లేదు.

అదే కోర్టు 1977లో పశ్చిమ బెంగాల్ అమ్మకం పన్ను కేసులో పచ్చి అల్లం కూరగాయేనని చెప్పింది. రేవులో మాత్రం అల్లం పచ్చిదైనా ఎండిందైనా సుగంధ ద్రవ్యమే. ఎందుకంటే అక్కడ నడిచే పుస్తకం వేరు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన హెచ్ఎస్ అనే సరుకుల పట్టిక 1988 నుంచి అంతర్జాతీయంగా అమలులో ఉంది. మన కస్టమ్స్ పట్టిక కూడా దాని మీదే నడుస్తుంది. అందులో ఏడో అధ్యాయం కూరగాయలది, టమాటా ఉన్నదీ అక్కడే. పచ్చిమిరపకాయ కూడా ఏడో అధ్యాయంలోనే ఉంటుంది. అదే మిరప పండి, కళ్లంలో ఎండి గుంటూరు యార్డుకు వచ్చే రూపానికి మారితే తొమ్మిదో అధ్యాయానికి వెళ్లి సుగంధ ద్రవ్యమవుతుంది.

*

ఆవుకు చిరునామా అడిగిన పట్టిక కూడా ఒకటుంది. 1902 నాటి జర్మనీ సుంకాల పట్టికలో ఒక ప్రత్యేకమైన పద్దు పెట్టారు. మచ్చల కొండజాతి పశువులో గోధుమరంగు పశువులో అయి ఉండాలి. సముద్రమట్టానికి కనీసం 300 మీటర్ల ఎత్తున పెరిగి ఉండాలి. ఏటా కనీసం నెల రోజులు 800 మీటర్లకు పైన మేసి ఉండాలి. స్విట్జర్లాండ్ పేరు ఎక్కడా రాయకుండా స్విస్ ఆవులకు సుంకం తగ్గించే ఉపాయం ఇది. అందరినీ సమానంగా చూస్తామని ఒప్పందాలు రాసుకున్న మిగతా దేశాలు నోరు మెదపలేవు, పల్లపు దేశాల ఆవులు కొండెక్కలేవు.

స్పెయిన్ 1979లో కాఫీ గింజలతో ఇదే ఆట ఆడబోయింది. వేయించని కాఫీని రకాలుగా విడదీసి, కొలంబియా తరహా తేలికపాటి రకాలకు సుంకం తీసేసి, కడగని అరబికాకూ రోబస్టాకూ 7 శాతం వేసింది. బ్రెజిల్ ఎక్కువగా అమ్మేది ఆ కడగని అరబికానే. తాగేవాడికి చివరికి చేతికొచ్చేది కాఫీయే, అదీ చాలాసార్లు రకాలు కలిపిన పొడే, తేడా చూపడం కుదరదని 1981లో గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం కింద ఏర్పడ్డ తీర్పరుల బృందం చెప్పింది.

యూరప్‌లో కోడిమాంసం కథ ఇంకా చిత్రం. గడ్డకట్టించిన ఎముకల్లేని కోడిమాంసానికి 100 కిలోలకు 102.4 యూరోల సుంకం. ఉప్పు పట్టించినదైతే అప్పట్లో విలువలో 15.4 శాతమే ఉండేది. బ్రెజిల్, థాయిలాండ్ వ్యాపారులు మాంసానికి ఒకటిన్నర, రెండు శాతం ఉప్పు పట్టించి, గడ్డకట్టించి పంపడం మొదలెట్టారు. చాలాకాలం చెల్లింది. 2002లో యూరప్ అధికారులు అడ్డం తిరిగి, ఉప్పు అంటే నిల్వ కోసం వేసిన ఉప్పే, ఈ కాస్త ఉప్పు లెక్కలోకి రాదన్నారు. మీ పద్దులో నిల్వ అన్న మాట లేదు కదా అని 2005లో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం బ్రెజిల్, థాయిలాండ్ పక్షాన నిలిచింది.

*

ఇక మన వక్క. దిగుమతి వక్కకు మన దేశంలో 100 శాతం సుంకం. దాని మీద కనీస దిగుమతి ధర ఒకటి, 2023 ఫిబ్రవరిలో కిలోకు రూ.251 నుంచి రూ.351కి పెంచారు. కర్ణాటక, కేరళ రైతుల కోసం కట్టిన గోడ అది. గోడ ఎంత ఎత్తుగా ఉంటే సందు వెతికే బుర్రలు అంత చురుగ్గా పనిచేస్తాయి. మేం తెచ్చింది వక్క కాదు, సుపారీ అనడం దిగుమతిదారులకు దొరికిన సందు. సుపారీ 21వ అధ్యాయంలో, తయారైన ఆహారాల మధ్య ఉంటుంది.

ఈ వాదనకు అడ్డుగా అధికారులు తరచూ చూపించిన తీర్పు గుంటూరు సంస్థ కేసులో వచ్చింది. క్రేన్ వక్కపొడి తెలుగువాళ్లకు కొత్త పేరు కాదు. వక్కను ముక్కలు చేసి, నూనెలు, మెంథాల్, తీపి కలిపితే కొత్త సరుకు తయారైనట్టేనని ఎక్సైజ్ శాఖ పన్ను వేసింది. ఎన్ని కలిపినా వక్క వక్కేనని సంస్థ వాదించింది. 2007లో సుప్రీంకోర్టు సంస్థ మాటే నిజమంది. ప్రభుత్వం ఊరుకోలేదు. యాలకులు, కొబ్బరి, మెంథాల్ లాంటివి వక్కలో కలపడం కూడా తయారీయేనని 2009లో చట్టంలోనే రాసేసింది.

ఇందులోని తమాషా ఏమిటంటే, గుంటూరులో అది ఇంకా వక్కే అన్నవాడికి పన్ను తప్పింది. రేవులో అది ఇక వక్క కాదు అన్నవాడికి పన్ను తగ్గేది. ప్రభుత్వమూ అంతే, ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్త సరుకు అన్నది, ఓడ దగ్గరికొచ్చేసరికి పాత వక్కే అంది. ఎవరి వాదనా వక్కను చూసి పుట్టలేదు.

తీర్పులూ ఒకే దారిన పోలేదు. ఉడికించి కోసిన రకాలు సుపారీ పద్దులోకే వస్తాయని 2015లో ముందస్తు తీర్పుల సంస్థ ఒక దిగుమతిదారుకు చెప్పింది. ఉడికించినంత మాత్రాన వక్క గుణం పోదు, అది పండ్లు, గింజలు ఉండే 8వ అధ్యాయంలోనే ఉండాలని 2021లో కస్టమ్స్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి అంది. 8వ అధ్యాయం నియమాల్లోనే ఒక వెసులుబాటు ఉంది మరి. నిల్వ కోసమో, చూపు బాగుండటం కోసమో కాస్త వేడి చేసినా, నూనె రాసినా ఎండు గింజ ఎండు గింజగానే లెక్క.

దాంతో దిగుమతిదారులు పొయ్యి మంట పెంచారు. వేయించిన గింజలు 20వ అధ్యాయంలోకి వస్తాయి, హెచ్ఎస్ వివరణల్లో వేయించిన వక్క పేరు కూడా ఉంది. అక్కడ రాసి ఉన్నదాన్ని కాదనలేమని 2023లో మద్రాసు హైకోర్టు దిగుమతిదారు పక్షాన తీర్పిచ్చింది. ఇక మిగిలిన ప్రశ్న సంచిలో ఉన్నది నిజంగా వేయించిన వక్కా, కాస్త సెగ తగిలిన ఎండు వక్కా అన్నది. దానికి జవాబు నిఘంటువులో దొరకదు, నమూనా తీసి ల్యాబుకు పంపాల్సిందే.