సంఘ వ్యవహారములలో వార్తాసంధానము

సేద్యగాండ్రకు కలుగు నష్టములలో కొన్ని వానలేమిచే కలుగును. కొన్ని తెగుళ్లచే కలుగును. ఇవి మన చేతిలోనివి కావు. కాని మఱికొన్ని నష్టములు కేవలము వార్త వేళకు చేరకపోవుటచే కలుగుచున్నవి. ఎఱువు వచ్చినదని తెలియునప్పటికి గోదాము ఖాళీ యగును. బాకీ గడువు జ్ఞప్తికి వచ్చునప్పటికి గడువు దాటిపోవును. ధర పెరిగినదని వినునప్పటికి సరకు అమ్ముడువోయి యుండును. ఈ విధమగు నష్టములను తొలగించుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది. అందులకు మార్గ మెట్టిదో సభ్యులకు విశదపఱచుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

వార్తయొక్క విలువ యెంతటిదో కేరళ తీరమున జరిగిన యొక సంగతి చక్కగ తెలుపును. 1997 జనవరి 14వ తేదీ యుదయమున వడకర రేవునకు చేపల పడవలు చేరినవి. అచ్చట కొనువారు లేనందున 11 మంది జాలరులు తమ చేపలను పాఱబోసికొనిరి. అదే వేళకు 15 కిలోమీటరుల లోపలనున్న రేవులలో 27 మంది కొనువారు చేపలు దొరకక వట్టిచేతులతో మరలిపోవ సిద్ధముగ నుండిరి. ఆ సంవత్సరమునుండి 2001 వఱకు ఆ తీరమున సెల్ ఫోనులు క్రమముగ వ్యాపించినవి. జాలరులు సముద్రముమీదనుండియే ఒక్కొక్క రేవున ధర విచారించి, గిరాకి యున్నచోటికి పడవ నడపసాగిరి. ఈ మార్పును పరిశీలించి రాబర్టు జెన్సెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 2007లో ఫలితములను ప్రకటించెను. చేపలు పాఱబోయుట దాదాపుగ నిలిచిపోయినది; జాలరుల లాభము నూటికి 8 వంతున పెరిగినది; తినువారికి ధర నూటికి 4 వంతున తగ్గినది. వలయు, పడవయు, సముద్రమును వెనుకటివే. వార్త వేళకు చేరుటయే క్రొత్త.

ఇక మన సంఘముల సంగతి. ఇప్పుడు ఫోను లేని యిల్లు అరుదు. అయినను నష్టము తీరకుండుటకు కారణమేమి? సాధనములన్నియు విడివిడిగ నుండుటయే. అప్పుల ఖాతా యొక పుస్తకములో, ఎఱువుల నిల్వ వేఱొక పుస్తకములో, సభ్యుల ఫోను నంబరులు కార్యదర్శి జేబులోని చీటీలో, బ్యాంకు లెక్క పట్టణములో నుండును. ఒకచోట వ్రాసినది రెండవచోటికి తెలియదు. తన బాకీ యెంతయని సభ్యుడడిగినచో పుస్తకములన్నియు తిరుగవేయవలెను. కార్యదర్శి యూరలేనిచో మఱునాడు రావలెను. కాడికి కట్టనిచో ఎన్ని యెద్దులున్నను పొలము దున్నబడదు గదా! ఈ సాధనముల నన్నిటిని ఒక్క కాడికి కట్టుటయే వార్తాసంధానము.

అది పనిచేయు విధ మిట్టిది. సంఘ కార్యాలయమున కంప్యూటరులో ఒక్కమాఱు పద్దు వ్రాసినచో అది అప్పుల ఖాతాకును, నిల్వ పట్టికకును, జిల్లా సహకార కేంద్ర బ్యాంకునకును చేరును. ఆ పద్దునుండియే సభ్యుని ఫోనునకు తెలుగున సందేశము పోవును. వాయిదా చెల్లించిన వెంటనే, ఎంత జమ యైనదో, ఎంత బాకీ యున్నదో అతనికి తెలియును. బస్తాలు దిగిన దినముననే సభ్యులందఱికి ఒకేసారి కబురందును. కార్యాలయమునకు చేరువ నున్నవాడు ముందు, పొలమున నున్నవాడు వెనుక యను భేదముండదు. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరు లెక్కలలోనికి తెచ్చి, జిల్లా, రాష్ట్ర సహకార బ్యాంకులతో కలుపుటకు ఆమోదించినది.

దీనివలని లాభమును రూపాయలలో చూతము. కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకము ననుసరించి 3 లక్షల రూపాయలలోపు పంట ఋణముపై వడ్డీ నూటికి సాలుకు 7 రూపాయలు. గడువులోపల తీర్చినవారికి అందులో 3 రూపాయలు తగ్గింపు కలదు. లక్ష రూపాయలు ఏడాదికి తీసికొన్న రైతు గడువు దాటినచో 3,000 రూపాయల తగ్గింపును పోగొట్టుకొనును. చేత సొమ్ముండియు తేదీ మఱచుటచే పోవు ధనమిది. గడువునకు నెల ముందొకటియు, వారము ముందొకటియు సందేశము పంపుట కగు వ్యయము దీనిముందు లెక్కింపదగినది కాదు.

విక్రయమునందును ఇదే న్యాయము. 2016 ఏప్రిల్ 14వ తేదీన ప్రారంభమైన ‘ఈ-నామ్’ అను జాతీయ వ్యవసాయ విపణిలో సరకు యార్డు గుమ్మము దాటగనే దానికొక నంబరు ఏర్పడును. నాణ్యము పరీక్షింపబడినపిమ్మట వర్తకులు కంప్యూటరుద్వారా ధరలు పలుకుదురు. నిర్ణయమైన ధర రైతు ఫోనునకు తెలియును. సేద్యపు సందేహములకు 2004లో స్థాపింపబడిన కిసాన్ కాల్ సెంటరు కలదు. 1800-180-1551 నంబరునకు ఫోను చేసి, రుసుము లేక తెలుగుననే సలహా పొందవచ్చును.

అయితే జాగ్రత్తలును వలయును. కరెంటు పోవును, సిగ్నలు పోవును. కావున అచ్చు రశీదును మానరాదు. చదువురాని సభ్యులకు వ్రాతకబురు చాలదు; మాటరూపమున సందేశ మంపవలయును. ఫోను లేనివారి నిమిత్తము అదే సంగతిని నోటీసు బోర్డుపై వ్రాసి, చాటింపు వేయించవలయును. బ్యాంకు రహస్య నంబరును ఎవరడిగినను చెప్పరాదు. సంఘముపేర అడిగినను చెప్పరాదు.

కావున సభ్యులకు మనవి. ఫోను నంబరు మాఱినచో వెంటనే సంఘమునకు తెలుపుడు. వచ్చిన సందేశమును రశీదుతో సరిచూచుకొనుడు. తేడా కనిపించినచో నాడే యడుగుడు. పాలకవర్గమువారు సభ్యుల నంబరుల పట్టికను ఏటేట సర్వసభ్య సమావేశమునకు ముందు సరిచేయింపవలయును. పట్టిక తప్పైనచో ఎంత విలువగల యంత్రమైనను తప్పు గుమ్మమునే తట్టును. ఒక్కని కొఱకు అందఱు, అందఱికొఱకు ఒక్కడు అనునది సహకార ధర్మము గదా. ఒక్కనికి తెలిసినది అందఱికి అదే దినమున తెలియుటయు ఆ ధర్మములోనిదే.