కత్తిసాములో రెండవ చూపు

కత్తిసాము మన సోదరీమణులెరుగని విద్య కాదు. పాశ్చాత్యుల కత్తిసాము ఫెన్సింగను పేరుతో 1896వ సంవత్సరపు తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలనుండియు పోటీగా నడచుచున్నది. అందు తీర్పు చెప్పు రిఫరీలకు వీడియో తోడ్పడుచున్న విధమును మన పాఠకురాండ్రకు తెలుపదలచితిమి.

కత్తి తగిలినదో లేదో విద్యుద్దీపము తెలుపును. కాని ఫాయిల్, సేబర్ అను రెండు తెగల కత్తులతో ఆడునపుడు చిక్కొకటి కలదు. ఇరువురి దీపములును వెలిగినచో, ముందుగా దాడికి పూనిన వారికే పాయింటు దక్కును. ఎదుటివారు ఆ దాడిని కత్తితో అడ్డగించి తిరిగి కొట్టినచో, హక్కు వారిదగును. దీపమునకీ తారతమ్యము తెలియదు. రెప్పపాటులో జరిగినదానిని చూచి రిఫరీయే నిర్ణయింపవలెను.

ఆ చూపు తప్పినచో నేమగును? 2004లో ఏథెన్సు ఒలింపిక్సునందు పురుషుల జట్టు ఫాయిల్ తుదిపోరులో ఇటలీ 45–42 పాయింట్లతో చైనాను గెలిచెను. పిమ్మట అంతర్జాతీయ సమాఖ్యవారు వీడియోను పరిశీలించి, రిఫరీ ఆరు తప్పులు చేసెననియు, ఆరును ఇటలీకే అనుకూలించెననియు తేల్చిరి. రిఫరీకి శిక్ష పడినది. పతకములు మాత్రము మారలేదు. ఆలస్యముగా తెలిసిన సత్యము ఓడినవారి కన్నీరు తుడువజాలదు గదా!

2008 బీజింగు ఒలింపిక్సులో వీడియో పరిశీలన అమలైనది. తీర్పుపై సందేహము గల క్రీడాకారిణి చేతులతో గాలిలో చతురస్రము గీచి పునఃపరిశీలన కోరును. రిఫరీ తెరవద్దకేగి, ఆ ఘట్టమును మెల్లగా నడిపించి చూచి, తీర్పును నిలుపుటయో మార్చుటయో చేయును. విన్నపము నెగ్గినచో కోరువారి హక్కు తరుగదు. వీగినచో ఒకటి తరుగును. కనుక ఊరక ఫిర్యాదు చేయువారికి తావులేదు. యంత్రము తీర్పు చెప్పదు. చూపు మాత్రమే చూపును.

ఈ విషయము మనకు దూరపుది కాదు. చెన్నపట్టణపు భవానీదేవి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో సేబర్ పోటీకి దిగి, ఒలింపిక్సులో కత్తిసామాడిన మొదటి భారతీయురాలయ్యెను. తొలి పోరును 15–3తో గెలిచెను. ఆమె అడుగుజాడల నడువగోరు బాలికల శ్రమఫలము తీర్పరి రెప్పపాటుపై ఆధారపడియుండుట న్యాయము కాదు.

తీర్పు మార్చుకొనుట తీర్పరికి చిన్నతనమని కొందరందురు. మేమట్లు తలంపము. బిడ్డల తగవులో తొందరపడి ఒకరిని దండించిన తల్లి, నిజము తెలిసినంతనే మాట మార్చుకొనినచో ఆమె పెద్దరికము తరుగునా? ఆ బిడ్డలకు ఆమె మాటయందు నమ్మకము హెచ్చును. కత్తిసాము బరిలోను అంతియే.